పన్నెండు నిమిషాల పాఠం

దేశంలో ఒకే ఒక్క టీచరుతో నడుస్తున్న బడులు 1,04,125. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ 2024-25 లెక్క ఇది. ఈ వరుసలో ఉత్తరప్రదేశో, ఝార్ఖండో ముందుంటాయని ఎవరైనా అనుకుంటారు. ముందున్నది ఆంధ్రప్రదేశ్. ఇక్కడ అలాంటి బడులు 12,912. ఉత్తరప్రదేశ్ 9,508తో, ఝార్ఖండ్ 9,172తో ఆ తర్వాతే నిలిచాయి.

"టీచర్లు చాలట్లేదు, పోస్టులు వేయండి" అనేయడం తేలిక. పక్కనున్న ఇంకో అంకె చూస్తే సంగతి అంత తేలిక కాదని తెలుస్తుంది. ఏపీలోని ఆ 12,912 బడుల్లో చదువుతున్న పిల్లలు 1,97,113 మంది. బడికి సగటున 15 మంది. ఉత్తరప్రదేశ్‌లో ఏకోపాధ్యాయ బడుల పిల్లలు 6,24,327 మంది, అంటే బడికి 65 మంది పైమాటే. అక్కడ పిల్లలు కిక్కిరిసి టీచరు చాలని రోగం. ఇక్కడ బడే చిక్కిపోయి, రెండో టీచరును ఇవ్వడానికి సర్కారుకు చేతులు రాని రోగం. ఒకే మందు రెండింటికీ పనిచేయదు.

విద్యాహక్కు చట్టం ప్రాథమిక బడిలో 30 మందికి ఒక టీచరు ఉండాలంది. ఆ లెక్కన 15 మందికి ఒకరంటే బ్రహ్మాండం. కానీ అదే చట్టం షెడ్యూలులో ఇంకో నిబంధన ఉంది. పిల్లలు 60 మంది వరకు ఎంతమంది ఉన్నా ఇద్దరు టీచర్లుండాలి. పదిమందే ఉన్నా ఇద్దరే. పిల్లలు తగ్గినంత మాత్రాన తరగతులు తగ్గవు గనక ఈ నిబంధన. ఒకటో తరగతిలో ముగ్గురు, రెండులో ఇద్దరు, మూడులో నలుగురు... ఎవరి పాఠం వారిదే.

లెక్క వేసి చూద్దాం. ఒకటి నుంచి ఐదు తరగతులకు చట్టం చెప్పిన పనిదినాలు ఏడాదికి 200, బోధన గంటలు 800. రోజుకు 4 గంటలు, అంటే 240 నిమిషాలు. ఐదు తరగతులకు పంచితే తరగతికి 48 నిమిషాలు. తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అని నాలుగు సబ్జెక్టులకు పంచితే ఒక్కోదానికి 12 నిమిషాలు.

గడియారం చూసుకుని ఇలా ముక్కలు చేసే టీచరు ఎవరూ ఉండరు లెండి. ఒకటి, రెండు తరగతులను ఓ చాప మీద, మిగతా మూడింటిని ఇంకో పక్క కూర్చోబెడతారు. వీళ్లకు చూచిరాత ఇచ్చి వాళ్లకు ఎక్కాలు చెబుతారు. మధ్యలో మధ్యాహ్న భోజనం సంగతి చూడాలి, యాప్‌లో హాజరు ఎక్కించాలి, మండల కేంద్రంలో మీటింగుకు పోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లు మరుగుదొడ్ల ఫొటోలు తీసి పంపే పని కూడా వీళ్ల నెత్తినే ఉండేది. ఆ టీచరమ్మకు జ్వరమొస్తే పక్క ఊరి బడి నుంచి ఒకరిని సర్దుబాటు చేస్తారు. అప్పుడు పాఠం రెండు ఊళ్లలోనూ కుంటుతుంది. ఏ రోజైనా 12 నిమిషాలు దక్కితే అది మంచి రోజు కింద లెక్క.

బడి ఎందుకు చిక్కిపోయింది?

ఊరికి కిలోమీటరు లోపు ప్రాథమిక బడి ఉండాలన్నది చట్టం. ఊరూరా బడి వచ్చింది. తర్వాత ఇంగ్లిషు మీడియం ప్రైవేటు బడి బస్సు కూడా ఊళ్లోకి వచ్చింది. ఇళ్లలో పిల్లల సంఖ్యా తగ్గింది. దాని మీద 2022లో ఏపీ ప్రభుత్వం 117 నంబరు జీవో తెచ్చి 3, 4, 5 తరగతులను వీలున్నచోట హైస్కూళ్లకు తరలించింది. ఊళ్లో మిగిలిన ఒకటి, రెండు తరగతులకు ఒక్క టీచరే దిక్కయ్యారు. ఉపాధ్యాయ సంఘాలు మొత్తుకున్నాయి. 2025 మే నెలలో కొత్త ప్రభుత్వం 19, 20, 21 నంబరు జీవోలతో ఆ పద్ధతిని తిరగరాసి, తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టింది. పైన చెప్పిన యూడైస్ అంకెలు ఈ మార్పుకు ముందటి విద్యా సంవత్సరానివి.

తెలంగాణలో ఈ రోగం ఇంకో దశకు చేరింది. అదే యూడైస్ లెక్కలో ఒక్క విద్యార్థి కూడా లేని బడులు దేశంలో 7,993 ఉంటే వాటిలో 2,245 తెలంగాణలోనివే. పశ్చిమ బెంగాల్ (3,812) తర్వాత రెండో స్థానం. పిల్లలు లేని ఆ 2,245 బడుల పేరిట 1,016 మంది టీచర్లున్నట్టు రికార్డు చెబుతోంది.

తరగతికో టీచరు ఉండే పద్ధతే మేలని నా అభిప్రాయం. పిల్లలు నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న రెండు మూడు చిన్న బడులను ఒకచోట చేర్చడంలో తప్పు లేదు. కానీ అల్లూరి జిల్లా కొండ మీద గూడేనికీ, గుంటూరు జిల్లా పెద్ద ఊరికీ ఒకే గీత గీస్తే గూడెం పిల్లల చదువు ఐదో ఏటనే ఆగిపోతుంది. అక్కడ పదిమందికైనా ఇద్దరు టీచర్లను ఇవ్వాల్సిందే. దానికయ్యే ఖర్చును దండగ అనడానికి చట్టం ఒప్పుకోదు.

నియామకాల తీరు ఇంకో కథ. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత డీఎస్సీ మళ్లీ 2025లో పడింది. 16,347 పోస్టులకు ప్రకటన ఇచ్చి 15,941 మందికి నియామక పత్రాలిచ్చారు. తెలంగాణలో 2017లో 8,792 పోస్టులకు ప్రకటన వచ్చాక, 2024లో 11,062 పోస్టుల డీఎస్సీ దాకా ఆగాల్సి వచ్చింది. రెండుచోట్లా ఏడేళ్ల ఎడం. ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఏడో తరగతి దాటేదాకా ఇంకో డీఎస్సీ పడలేదన్నమాట. ఖాళీలు మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాటకూడదని అదే విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్లో ఉంది. డీఎస్సీ చిన్నదైనా సరే, ఏటా వేస్తే బడికి అదే మేలు. ఏడేళ్లకోసారి వేసే 'మెగా' ఎన్నికలకు పనికొస్తుంది.

ఐదు జిల్లాల ప్రయోగం

టీచరు వచ్చారు సరే, తర్వాతేం జరుగుతుంది? ఈ ప్రశ్నకు ప్రపంచంలోనే గట్టి జవాబుల్లో కొన్ని మన నేల మీదే దొరికాయి. మనలో చాలామందికి ఆ సంగతే తెలీదు.

2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో 500 ప్రభుత్వ ప్రాథమిక బడులను లాటరీ పద్ధతిలో ఎంచుకుని ఓ పెద్ద అధ్యయనం మొదలైంది. విశాఖపట్నం, నెల్లూరు, కడప, ఆదిలాబాద్, నిజామాబాద్ ఆ జిల్లాలు. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు చేతులు కలిపాయి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నడిపించారు. వంద బడులకు ఓ రకం సాయం, ఇంకో వందకు ఇంకో రకం, మరో వందకు ఏమీ లేదు. ఏళ్ల తరబడి పిల్లలకు పరీక్షలు పెట్టి చూశారు.

ఫలితాలు అర్థం కావాలంటే వందమంది పిల్లలను మార్కుల క్రమంలో నిలబెట్టామనుకోండి. సరిగ్గా మధ్యలో, అంటే కింది నుంచి 50వ చోట ఉన్న పిల్లను చూద్దాం.

ఒక వంద బడులకు అదనంగా ఓ కాంట్రాక్టు టీచరును ఇచ్చారు. మన భాషలో విద్యా వాలంటీరు. జీతం రెగ్యులర్ టీచరు జీతంలో ఐదో వంతు. రెండేళ్లకు లెక్కల్లోనూ తెలుగులోనూ మధ్యలోని పిల్ల సుమారు 56వ చోటికి జరిగింది. తనిఖీకి వెళ్లినప్పుడు రెగ్యులర్ టీచర్లలో 27 శాతం మంది బడిలో లేరు, కాంట్రాక్టు టీచర్లలో 18 శాతం మంది లేరు.

ఇంకో వంద బడులకు పలకలకు, పుస్తకాలకు గ్రాంటు ఇచ్చారు. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది పెరుగుదల ఆగింది. గ్రాంటు వస్తుందని తెలిశాక తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చును ఆ మేరకు తగ్గించుకున్నారు. ఏ కుటుంబమైనా చేసే పనే అది. ప్రతి కొత్త పథకం కింద ఎన్ని వేల కోట్లు ఇచ్చామో చెప్పే ప్రకటనలు చదివేటప్పుడు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవాలి.

మరో వంద బడుల్లో ప్రతి పిల్లకూ పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో విడమరిచిన నివేదికలు టీచర్లకు అందించి, అప్పుడప్పుడు వచ్చి చూసి వెళ్లారు. చూసేవాళ్లు వచ్చినప్పుడు టీచర్లు బాగానే చెప్పారు. ఏడాది చివర పరీక్షలో మాత్రం తేడా సున్నా. ఇవాళ రెండు రాష్ట్రాల్లోనూ ఎఫ్ఏలు, ఎస్ఏలు, బేస్‌లైన్లు, మార్కులు ఆన్‌లైన్లో ఎక్కించడాలు ఎన్ని జరుగుతున్నాయో టీచర్లను అడగండి. రోగ నిర్ధారణ మీద నిర్ధారణ, చికిత్స మాత్రం వాయిదా.

అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగింది బోనస్ మీద. తన పిల్లల మార్కులు సగటున 5 శాతం కంటే ఎంత ఎక్కువ పెరిగితే, ప్రతి శాతానికీ టీచరుకు 500 రూపాయలు. చివరికి సగటున దక్కింది ఏడాది జీతంలో 3 శాతం మాత్రమే. రెండేళ్లకు మధ్యలోని పిల్ల లెక్కల్లో సుమారు 61వ చోటికి, తెలుగులో 57వ చోటికి జరిగింది. టీచరుకు విడిగా బోనస్ ఇచ్చిన బడుల్లో ఐదేళ్లూ చదివిన పిల్లలైతే లెక్కల్లో 70, తెలుగులో 64 దాకా వెళ్లారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్ మార్కులు కూడా పెరిగాయి.

ఇందులో నన్ను ఆపేసిన విషయం వేరే ఉంది. బోనస్ ఇచ్చినా టీచర్ల హాజరు మారలేదు. రానివాళ్లు రాలేదు. వచ్చినవాళ్లే ఎక్కువ హోంవర్క్ ఇచ్చారు, బడి వేళల తర్వాత కూర్చోబెట్టి చెప్పారు, అభ్యాస పరీక్షలు పెట్టారు. కొత్త శిక్షణ లేదు, కొత్త పుస్తకం లేదు. అంటే చెప్పగలిగే సత్తా అప్పటికే బడిలో ఉంది, దాన్ని పలకరించేవాళ్లే లేరు. బోనసే మార్గమని నేననను. మార్కుల కోసం బట్టీ పట్టించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, సంఘాల అభ్యంతరమూ కొట్టిపారేసేది కాదు. అయితే ప్రయోగం జరిగిన రెండు రాష్ట్రాల్లోనూ టీచరు జీతం ఇవాళ్టికీ సర్వీసు ఏళ్లను బట్టి పెరుగుతుందే తప్ప, పిల్లలకు చదువొచ్చిందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు.

ప్రైవేటు బడికి పంపితే సరిపోతుందా? దానికీ ఇక్కడే జవాబు దొరికింది. 2008 నుంచి 180 గ్రామాల్లో లాటరీ తీసి, ప్రభుత్వ బడి పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో రెండు రకాల పిల్లల మధ్యా తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు స్పష్టంగా ముందున్నారు, ఎందుకంటే ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో హిందీ చెప్పరు. అయితే ప్రైవేటు బడి ఈ ఫలితం తెచ్చింది తక్కువ సమయంలో, పిల్లకు మూడో వంతు కంటే తక్కువ ఖర్చుతో. ఈ అంకె ప్రభుత్వ బడిని సిగ్గుపడమంటుంది. ఫీజు కట్టే తల్లిదండ్రులను ఒక్కసారి ఆలోచించుకోమంటుంది.

పుస్తకం ఒకచోట, పిల్ల ఒకచోట

ఇక పాఠ్యాంశాల సంగతి. ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వేలో పిల్ల చేతికి రెండో తరగతి స్థాయి చిన్న కథ ఇచ్చి చదవమంటారు. 2024లో గ్రామీణ భారతంలో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో దాన్ని చదవగలిగింది 23.4 శాతం. ఐదో తరగతిలో 44.8 శాతం. ఎనిమిదిలో 67.5 శాతం. అంటే ఎనిమిదో తరగతికి వచ్చినా ప్రతి ముగ్గురిలో ఒకరికి రెండో తరగతి కథ చదవడం రాదు. అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత, ప్రభుత్వ బడి మూడో తరగతిలో 27.6 శాతానికే వచ్చు.

ఆ పిల్ల చేతిలోని ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో ఘాతాంకాలు, బీజీయ సమాసాలు ఉంటాయి. టీచరు మీద ఒత్తిడి ఆ పుస్తకం పూర్తిచేయమనే. తనిఖీకి వచ్చిన అధికారి మొదటి ప్రశ్న "సిలబస్ అయిందా?" కాబట్టి పాఠం ముందు వరుసలోని పదిమందితో కలిసి ముందుకు పోతుంది. వెనక వరుస అక్కడే కూర్చుని ఉంటుంది.

ఢిల్లీలో 2015 ప్రాంతంలో జరిగిన ఓ అధ్యయనం దీన్ని కొలిచింది. లెక్కల్లో ఆరో తరగతి పిల్లలు సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు. తొమ్మిదికి వచ్చేసరికి ఎడం నాలుగున్నర తరగతులు. మామూలు బడిలో చదువుతున్న వారిలో అడుగున ఉన్న మూడో వంతు పిల్లలు అధ్యయనం సాగినన్ని నెలల్లో కొలవదగ్గ పురోగతే సాధించలేదు. రోజూ బడికి వచ్చారు, హాజరు పడింది, భోజనం చేశారు, చదువు మాత్రం రాలేదు.

2024 డిసెంబరులో దేశమంతా 21 లక్షల మందికి పైగా పిల్లలకు పెట్టిన పరఖ్ సర్వేలో లెక్కల సగటు మూడో తరగతిలో 60 శాతం, ఆరులో 46, తొమ్మిదిలో 37. ప్రశ్నపత్రాలు వేరు గనుక వీటిని నేరుగా పోల్చకూడదు. అయినా మెట్లు ఏ వైపు దిగుతున్నాయో తెలుస్తూనే ఉంది.

మందు లేని జబ్బు కాదు. 2013-14లో ఉత్తరప్రదేశ్‌లో 3-5 తరగతుల పిల్లలను తరగతిని బట్టి కాకుండా వచ్చిన చదువును బట్టి గుంపులు చేశారు. అక్షరాలు రానివాళ్లు ఒక గుంపు, పదాలు చదివేవాళ్లు ఒక గుంపు. పదేసి రోజుల శిబిరాలు, మొత్తం 50 రోజులు. మన వందమంది వరుసలో మధ్యలోని పిల్ల దాదాపు 74వ చోటికి ఎగబాకింది. ఉపకరణాలు మరీ గొప్పవేమీ కావు, బొమ్మల కార్డులు, చిన్న కథల పుస్తకాలు, పుల్లల కట్టలు.

ఇదే పద్ధతిలో టీచర్లకు శిక్షణ ఇచ్చి, సామగ్రి ఇచ్చి వదిలేసిన ఉత్తరాఖండ్‌లో ఫలితం రాలేదు. శిక్షణ ముగించుకుని వచ్చిన టీచరు మళ్లీ సిలబస్ మీదే పడ్డారు. హరియాణాలో వచ్చింది. అక్కడ చేసిన తేడాలు రెండు. రోజులో ఒక గంటను దీనికే అట్టేపెట్టారు. పర్యవేక్షించాల్సిన బ్లాకు స్థాయి సిబ్బంది ముందు తామే 15-20 రోజులు బడిలో నిలబడి పాఠం చెప్పారు. చెప్పి చూసినవాడు తనిఖీకి వస్తే అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి మరి.

తమిళనాడు అనుభవమూ దగ్గరిదే. కరోనా తర్వాత 'ఇల్లం తేడి కల్వి' పేరుతో సుమారు రెండు లక్షల మంది వాలంటీర్లు సాయంత్రాలు వీధుల్లో పిల్లలకు చదువు చెప్పారు. కరోనాతో పోయిన చదువులో మూడింట రెండు వంతులు బడులు తెరిచిన ఆరు నెలల్లో తిరిగి రాగా, అందులో దాదాపు నాలుగో వంతు ఈ కార్యక్రమం పుణ్యమేనని అధ్యయనం తేల్చింది.

తనిఖీ, రేటింగు

పరిపాలన బాగుచేయడమంటే మన అధికారులకు ముందు తట్టేది ఫారం, తర్వాత గ్రేడు. మధ్యప్రదేశ్‌లో 'శాలా సిద్ధి' కింద 1,774 బడుల్లో దీన్ని నికరంగా పరీక్షించారు. ప్రతి బడినీ మదింపు చేసి, రేటింగు ఇచ్చి, బడికో అభివృద్ధి ప్రణాళిక రాయించారు. ఫారాలు దాదాపు అన్ని బడులూ నింపాయి. రేటింగులూ నిజాయితీగానే వచ్చాయి. బడి నడక మారలేదు, పిల్లల చదువు మారలేదు. అప్పటికే ఆ పద్ధతిని దేశవ్యాప్తంగా 6 లక్షలకు పైగా బడులకు పాకించేశారు.

పనిచేసిన పరిపాలన సాదాగా ఉంటుంది. 2003లో పరిశోధకులు ముందు చెప్పకుండా వెళ్లి చూస్తే దేశంలో నాలుగో వంతు టీచర్లు బడిలో లేరు. 2010లో గ్రామాల్లో మళ్లీ చూస్తే గైర్హాజరు 23.6 శాతం. అధికారుల రాకపోకలు పెరిగిన చోట గైర్హాజరు తగ్గింది. పిల్లలకు టీచరు దక్కే సమయం పెంచడానికి కొత్త టీచర్లను వేయడం కన్నా తనిఖీలు పెంచడం పది రెట్లకు పైగా చవకని ఆ పరిశోధకుల అంచనా. మరి తనిఖీ చేయాల్సిన మండల విద్యాధికారులు (ఎంఈవోలు)? తెలంగాణలో ఏళ్ల తరబడి చాలా మండలాలను హెడ్మాస్టర్లే ఇన్‌చార్జులుగా నెట్టుకొచ్చారు. తన బడే చూసుకోలేని మనిషి మండలమంతా ఏం తిరుగుతారు?

ఈ మధ్య వచ్చిన ఒక మంచి కబురు కూడా చెప్పాలి. అసర్ సర్వేలో ప్రభుత్వ బడి మూడో తరగతిలో ఆ రెండో తరగతి కథ చదవగలిగిన పిల్లలు 2018లో 20.9 శాతం. కరోనా తర్వాత 2022లో 16.3కి పడ్డారు. 2024లో 23.4కి లేచారు, పాత స్థాయిని దాటారు. 2024 సర్వేలోనే 80 శాతానికి పైగా బడులు చదవడం, లెక్కల పునాది మీద పనిచేయాలని పై నుంచి ఆదేశం వచ్చిందన్నాయి. పదమూడు లక్ష్యాలు చెప్పకుండా ఒక్కటే గట్టిగా చెబితే యంత్రాంగం కదులుతుందన్నమాట. ఆ పునాది కోసం కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్ పెట్టుకున్న గడువు 2026-27. అప్పటికి మూడో తరగతి పిల్లలందరికీ చదవడం రావాలి. 23.4 నుంచి నూటికి ఇంత తక్కువ సమయంలో చేరడం జరిగే పని కాదు. నలభై చేరినా అది చిన్న విజయం కాదు.

హైస్కూలు గురించి ఒక్క మాట. 2025 పదో తరగతి ఉత్తీర్ణత తెలంగాణలో 92.78 శాతం, ఏపీలో 81.14 శాతం. ప్రతి చలికాలంలోనూ పదో తరగతికి వంద రోజుల ప్రణాళిక, సాయంత్రం స్టడీ అవర్లు, ఉడికించిన శనగలు. ఆ శ్రమలో సగం మూడో తరగతి మీద పెడితే పదిలో అంత హడావిడి అక్కర్లేదు.

మీ ఊరి బడికి యాజమాన్య కమిటీ ఉంటుంది. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలుండాలి. ఈసారి సమావేశంలో గోడల రంగుల గురించి మాట్లాడటం అయ్యాక మూడు ప్రశ్నలు అడగండి. మూడో తరగతిలో ఎంతమంది రెండో తరగతి వాచకం తడుముకోకుండా చదువుతున్నారు? కిందటి నెలలో టీచరును పాఠం మానిపించి ఎన్ని రోజులు వేరే పనికి పంపారు? ఎంఈవో చివరిసారి వచ్చినప్పుడు రిజిస్టర్లు చూసి వెళ్లారా, తరగతిలో కూర్చున్నారా? మీ పిల్ల ప్రైవేటు బడిలో ఉంటే మొదటి ప్రశ్నకు జవాబు ఇంట్లోనే తెలుసుకోవచ్చు. రెండో తరగతి వాచకం రెండు రాష్ట్రాల ఎస్సీఈఆర్టీ వెబ్‌సైట్లలోనూ ఉచితంగా దొరుకుతుంది.